పార్వతీపురంలో ఆ 565 ఓట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊళ్లో పుట్టి రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం నుంచి 565 ఓట్ల తేడాతో ఓడిపోయారట. ఆ ఓట్లు పడి ఉంటే ఆయన ప్రధానమంత్రి అయ్యేవారని మా తాతగారు ఇప్పటికీ అంటారు. ఓడిపోయారు కాబట్టే రాష్ట్రపతి కాగలిగారని మా నాన్నగారి వాదన. ఇద్దరిలో ఎవరి మాట నిలుస్తుంది?
(ఒక డిగ్రీ విద్యార్థిని, బరంపురం)

జవాబు: మీ నాన్నగారి మాటే నిలుస్తుందమ్మా. తాతగారి అభిమానాన్ని తప్పు పట్టలేము గాని, ఆ రోజుల్లో ఢిల్లీలో ఎవరు ఏ స్థానంలో ఉన్నారో చూస్తే ఆయన ఊహకు ఆధారం దొరకదు.

1957 నాటికి గిరి గారు ఎన్నికలకు కొత్తవారు కారు. 1937లో మద్రాసు శాసనసభ ఎన్నికల్లో, అప్పటిదాకా ప్రభుత్వాన్ని నడిపిన బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు గారిని ఆయన సొంత గడ్డ మీదే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1952లో మన పర్లాకిమిడికి కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించడం నచ్చక 1954 ఆగస్టులో ఆ పదవిని వదులుకున్నారు. కాబట్టి 1957లో పార్వతీపురం ఓటర్ల ముందుకు వచ్చిన మనిషి, జాతీయ స్థాయిలో పేరున్నా ఆ సమయానికి చేతిలో ఏ పదవీ లేని మాజీ మంత్రి.

ఇప్పుడు ఆ ఫలితాన్ని తిరగవేద్దాం. గిరి గారిని ఓడించిన దిప్పల సూరి దొర గారికి పడిన ఓట్లలో కేవలం 283 గిరి గారికి పడి ఉంటే ఆయన లోక్‌సభ సభ్యులయ్యేవారు. ఆ తరువాత? ఆ ఎన్నికల తరువాత కార్మిక శాఖ గుల్జారీలాల్ నందా గారి చేతికి వెళ్లింది, ఆయన దాన్ని 1963 దాకా వదలలేదు. ప్రభుత్వ నిర్ణయం నచ్చక రాజీనామా చేసి వెళ్లిన వ్యక్తిని నెహ్రూ గౌరవించి ఉండవచ్చు గాని, అదే శాఖలో మళ్లీ కూర్చోబెట్టవలసిన అవసరం ఆయనకు కనిపించదు. కార్మిక సమస్యల మీద సభలో గట్టిగా మాట్లాడే పెద్దమనిషిగా గిరి గారు ఐదేళ్లు గడిపేవారని అనుకోవడమే సబబు. ఈలోగా 1961లో ద్విసభ్య నియోజకవర్గాల (ఇద్దరేసి సభ్యులను ఎన్నుకునేవాటి) రద్దు చట్టం వచ్చి పార్వతీపురం వంటి ప్రతి నియోజకవర్గాన్నీ రెండుగా విడగొట్టింది, వాటిలో ఒకటి రిజర్వు స్థానమైంది. అంటే 1962లో ఆయన మళ్లీ కొత్త సరిహద్దుల మధ్య, కొత్త లెక్కలతో టికెట్ వెతుక్కోవలసి వచ్చేది.

ఇక ప్రధాని పదవి సంగతి. 1964లోనూ 1966లోనూ ఆ ప్రశ్న వచ్చినప్పుడు దాన్ని తేల్చినవారు కాంగ్రెసు అధ్యక్షుడు కామరాజ్, రాష్ట్రాలను గుప్పిట్లో పెట్టుకున్న ముఖ్యమంత్రులు. 1894లో పుట్టిన గిరి గారికి 1964 నాటికి డెబ్బై ఏళ్లు. ఆంధ్ర కాంగ్రెసు పగ్గాలు సంజీవరెడ్డి గారి వంటి వారి చేతుల్లో ఉన్నాయి. గిరి గారి బలగమంతా రైల్వే కార్మిక సంఘాల్లో ఉండేది. పార్టీలో నాయకుణ్ణి ఎన్నుకునే వేళ ఆ బలగం ఎక్కడా లెక్కకు రాదు.

నిజంగా జరిగింది చూడండి. ఓడిపోయిన కొద్ది నెలలకే, 1957 జూన్‌లో, ఆయన ఉత్తరప్రదేశ్ గవర్నరయ్యారు. 1960లో కేరళకు మారారు. (అప్పటిదాకా కేరళ గవర్నరుగా ఉన్న మన బూర్గుల రామకృష్ణారావు గారు అదే సమయంలో ఉత్తరప్రదేశ్‌కు వెళ్లారు. ఇద్దరు తెలుగువారు రెండు రాజ్‌భవన్‌లను పరస్పరం మార్చుకున్నారన్న మాట.) 1965లో మైసూరుకు వెళ్లారు, 1967లో అక్కడి నుంచే ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేసి గెలిచారు. ఆ కాలంలో ఉపరాష్ట్రపతులు ఎక్కడి నుంచి వచ్చారో గమనిస్తే మీ నాన్నగారి వాదనకు మరింత బలం చేకూరుతుంది. గిరి గారికి ముందు జాకిర్ హుస్సేన్ బీహార్ గవర్నరు. గిరి గారి తరువాత గోపాల్ స్వరూప్ పాఠక్ మైసూరు గవర్నరు. ఆయన తరువాత బి.డి.జట్టి సాక్షాత్తు మన ఒడిశా గవర్నరు. వరుసగా నలుగురు రాజ్‌భవన్‌ల నుంచే వచ్చారు. లోక్‌సభలో వెనుక బెంచీ మీద కూర్చున్న సభ్యుడికి ఆ దారి దొరికేది కాదు. పార్వతీపురంలో గెలిచి ఉంటే ఆయన 1957 జూన్‌లో లక్నోకు గాక ఢిల్లీకి రైలెక్కేవారు, అక్కడితో ఆ దారి మూసుకుపోయేది.

ప్రశ్న: 1937లో అంతటి రాజాను ఓడించిన గిరి గారు 1957లో ఎలా ఓడిపోయారు? జనరల్ సీటులో ఎస్టీ అభ్యర్థి గెలవడమేమిటి? ఎన్నికల పద్ధతిలోనే ఏదో మతలబు ఉందని మా ఊళ్లో పెద్దలు అంటారు.
(ఒక పాఠకుడు, గుణుపురం)

జవాబు: మతలబు ఏమీ లేదు, కాని ఆ పద్ధతి ఈనాటి వారికి వింతగా తోచడం సహజం. మొదటి రెండు సార్వత్రిక ఎన్నికల్లో కొన్ని నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి సభ్యులు ఎన్నికయ్యేవారు, వారిలో ఒక స్థానం ఎస్సీలకో ఎస్టీలకో కేటాయించేవారు. పార్వతీపురం అటువంటిదే. ఓటరుకు రెండు ఓట్లు, అంటే రెండు బ్యాలట్ కాగితాలు. అప్పట్లో కాగితం మీద ముద్ర వేయడం లేదు. తెర వెనుక ప్రతి అభ్యర్థికీ గుర్తు అంటించిన పెట్టె ఒకటి ఉండేది, కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేసి రావడమే. రెండు కాగితాలూ ఒకే అభ్యర్థి పెట్టెలో వేయకూడదు. పొరపాటున వేసినా లెక్కింపులో వాటిలో ఒక్కటే చెల్లేది, రెండోది వృథా అయ్యేది. చదువు రాని వృద్ధురాలు చేతిలో రెండు కాగితాలు పట్టుకుని ఆ పెట్టెల ముందు ఎంతసేపు తటపటాయించి ఉంటుందో ఊహించుకోండి. లక్షా ఇరవై నాలుగు వేలకు పైగా ఓట్లు వచ్చిన ఇద్దరి మధ్య 565 తేడా అన్నప్పుడు, ఆ తటపటాయింపుకు విలువ లేదని ఎలా అనగలం?

లెక్కింపు తరువాత ముందుగా రిజర్వు స్థానం తేల్చేవారు. ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి అది దక్కేది. అలా బి.సత్యనారాయణ గారు గెలిచారు. ఆ తరువాత మిగిలిన వారందరినీ, ఎస్టీలను కూడా కలిపి, ఒకే వరుసలో పెట్టి, అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చినవారికి జనరల్ స్థానం ఇచ్చేవారు. ఆ వరుసలో సూరి దొర గారు ముందు, గిరి గారు వెనుక. 1937లో ఆస్తి, చదువు ఉన్నవారికే ఓటు ఉండేది, ఒకరికి ఒకరు ఎదురు నిలిచే పోటీ అది. 1957లో కొండ మీద ఉన్న ప్రతి వయోజనుడికీ ఓటు ఉంది, అదీ రెండేసి. బొబ్బిలి విజయాన్ని పార్వతీపురానికి కొలమానం చేసుకున్నవారెవరో ఆ మార్పును సరిగా అంచనా వేయలేదని నా అభిప్రాయం.

ప్రశ్న: అందరూ గిరి గారు గెలిచి ఉంటే అంటున్నారు. సూరి దొర గారు ఓడి ఉంటే ఏమయ్యేదో ఎవరూ అడగరెందుకు?
(ఒక ఆదివాసీ ఉపాధ్యాయుడు, రాయగడ)

జవాబు: మంచి ప్రశ్న వేశారు. నాకు వచ్చిన ఉత్తరాలన్నింటిలోనూ ఇదొక్కటే ఆయన వైపు నుంచి అడిగింది. ఆ ఎన్నికను మనం 'గిరి గారి ఓటమి' అనే గుర్తు పెట్టుకున్నాము. కేంద్ర మంత్రిగా పనిచేసిన దిగ్గజాన్ని ఒక గిరిజన అభ్యర్థి, రిజర్వేషన్ ఆసరా లేకుండా, అందరితో పాటు ఒకే వరుసలో నిలబడి ఓడించాడన్నది ఆ ఫలితానికి రెండో ముఖం. రిజర్వు సీటు సత్యనారాయణ గారిది. సూరి దొర గారు గెలిచినది జనరల్ సీటు. ఆ 283 ఓట్లు మారి ఉంటే ఉత్తరాంధ్ర నుంచి ఇద్దరు గిరిజన సభ్యులు ఒకే నియోజకవర్గం పేరుతో లోక్‌సభలో కూర్చునే అపురూపమైన సందర్భం ఉండేదే కాదు.

అంతకంటే పెద్ద సంగతి మరొకటి ఉంది. గిరి గారు ఆ ఫలితాన్ని సవాలు చేశారు, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రిజర్వు స్థానానికి నిలబడిన వ్యక్తిని జనరల్ స్థానానికి గెలిచినట్టు ప్రకటించడం చెల్లదని ఒక వాదన. సూరి దొర గారి కుటుంబం మూక దొర తెగను దాటి క్షత్రియులుగా మారిపోయిందని మరొక వాదన. 1959లో కోర్టు రెండింటినీ తోసిపుచ్చింది. జస్టిస్ కపూర్ మాత్రం భిన్నాభిప్రాయం రాశారు. తన తెగను వదిలి పై కులంలో చేరానని ఒక వ్యక్తి చెప్పుకున్నంత మాత్రాన సరిపోదని, చేరాలనుకున్న కులం వారు అతణ్ణి ఒప్పుకున్నారా లేదా అన్నది ముఖ్యమని మెజారిటీ తీర్పు చెప్పింది. కులం, తెగ గుర్తింపు వివాదాల్లో న్యాయవాదులు తరువాత కూడా ఆ తీర్పును ఉదహరిస్తూ వచ్చారు. రిజర్వేషన్ ఉన్నవాడు సొంత బలంతో గెలిచినప్పుడు అతణ్ణి జనరల్ వరుసలోనే లెక్కించాలన్న భావన, ఉద్యోగ నియామకాల విషయంలో 1992 నాటి ఇంద్రా సాహ్నీ తీర్పులో మరింత స్పష్టంగా వినిపిస్తుంది. గిరి గారు గెలిచి ఉంటే ఈ వ్యాజ్యమే పుట్టేది కాదు.

ఇక్కడ ఒక పక్క మాట చెప్పవలసి ఉంది. ఈ కేసు సుప్రీంకోర్టులో తేలే నాటికి గిరి గారు లక్నోలో గవర్నరు. రాజ్యాంగం ప్రకారం గవర్నరు పార్లమెంటు సభ్యుడిగా ఉండకూడదు. అంటే కోర్టులో ఆయన గెలిచి ఉంటే, రెండింటిలో ఏదో ఒకటి వదులుకోవలసి వచ్చేది, లోక్‌సభకు మిగిలిన గడువు కూడా తక్కువే. కాబట్టి '1957లో గెలిచి ఉంటే' అన్న ఊహకు ఉన్న బలం '1959లో కేసు గెలిచి ఉంటే' అన్న ఊహకు లేదు. ప్రత్యామ్నాయ చరిత్ర రాసేవారు ఈ తేడాను గమనించాలి.

ప్రశ్న: గిరి గారు రాష్ట్రపతి కాకపోయి ఉంటే 1969లో ఏమి జరిగేది? సంజీవరెడ్డి గారు గెలిచేవారు కదా? అప్పుడు కాంగ్రెసు చీలేదా?
(ఒక న్యాయవాది, జయపురం)

జవాబు: 1969 ఎన్నిక కూడా ఇంచుమించు పార్వతీపురమంత బిగువుగానే నడిచింది. 1969 మే 3న జాకిర్ హుస్సేన్ మరణించడంతో ఉపరాష్ట్రపతి గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు ఆయన సంతకంతోనే వెలువడింది. బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదులుకున్న మనిషికి పదిహేనేళ్ల తరువాత ఆ సంతకం చేసే అవకాశం రావడం చరిత్రలో అరుదైన సంఘటనే. మరునాడు రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలో దిగారు.

కాంగ్రెసు అధికారిక అభ్యర్థి సంజీవరెడ్డి గారు. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమని ఇందిరాగాంధీ పిలుపునిచ్చారు. మొదటి ప్రాధాన్యంలో గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్ గారికి 1,12,769 ఓట్లు వచ్చాయి. కావలసినది 4,18,169. ఎవరికీ రాకపోవడంతో రెండో ప్రాధాన్యం ఓట్లు కలపవలసి వచ్చింది. చివరికి గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427. తేడా 14,650. ఆ ఎన్నికలో ఒక్కొక్క ఎంపీ ఓటు విలువ 576. లెక్క వేస్తే, పదమూడు మంది ఎంపీలు గిరి గారిని వదిలి రెడ్డి గారి వైపు వెళ్లి ఉంటే ఫలితం తారుమారయ్యేది. మరొక విచిత్రం, ఒక్క ఎంపీ ఓటు విలువే పార్వతీపురంలో గిరి గారిని ముంచిన తేడా కంటే ఎక్కువ.

పార్వతీపురంలో గెలిచిన గిరి గారు 1969లో ఉపరాష్ట్రపతి అయి ఉండరని మొదటి జవాబులో చెప్పాను. అప్పుడు ఇందిరాగాంధీకి, తాత్కాలిక రాష్ట్రపతి హోదా ఉండి, కార్మిక సంఘాల మద్దతు ఉండి, పార్టీని ధిక్కరించి నిలబడగల అభ్యర్థి దొరకడం కష్టమయ్యేది. ఆమె సూచించిన జగ్జీవన్ రామ్ పేరును కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు ఒప్పుకోలేదు, ఆయన పార్టీకి ఎదురు తిరిగి నిలబడే పరిస్థితీ లేదు. రెడ్డి గారు గెలిచేవారని నేనూ అనుకుంటున్నాను.

అయితే కాంగ్రెసు చీలిక ఆగేదన్న మాటతో ఏకీభవించలేను. బ్యాంకులు, మొరార్జీ దేశాయి నుంచి ఆర్థిక శాఖను తీసివేయడం, పార్టీ మీద పెత్తనం ఎవరిది అన్న తగవు, ఇవన్నీ రాష్ట్రపతి ఎన్నికకు ముందే రాజుకున్నాయి. చీలిక 1969 నవంబరులో గాక మరికొన్ని నెలలకు వచ్చేదేమో. అసలు తేడా ఆ తరువాత కనిపించేది. 1970 సెప్టెంబరులో మాజీ సంస్థానాధీశుల గుర్తింపును, దానితో పాటు వారికి ప్రభుత్వం ఇచ్చే రాజభరణాలను రద్దు చేసిన ఉత్తర్వు, ఆ డిసెంబరులో లోక్‌సభ రద్దు, ఈ రెండూ రెడ్డి గారి ముందుకు వచ్చేవి. సిండికేట్ (ఇందిరను వ్యతిరేకించిన కాంగ్రెసు పెద్దల వర్గం) బలంతో గెలిచిన రాష్ట్రపతి, మైనారిటీలో పడిన ఇందిర అడగగానే సభను రద్దు చేసేవారా? చేయకపోవడానికే అవకాశం ఎక్కువని చాలామంది అంటారు. నాకు అంత నమ్మకం లేదు. అదే రెడ్డి గారు 1979లో, లోక్‌సభను ఒక్కసారి కూడా ఎదుర్కోని చరణ్ సింగ్ ప్రభుత్వ సలహా మీద, జగ్జీవన్ రామ్ గారికి అవకాశం ఇవ్వకుండానే సభను రద్దు చేశారు.

రాజభరణాల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట: మన జయపురం, పర్లాకిమిడి రాజులకు కూడా ఆ ఉత్తర్వుతో భరణం పోయిందని కొందరు రాస్తుంటారు. అవి మద్రాసు ప్రెసిడెన్సీలోని జమీందారీలు, సంస్థానాలు కావు. రాజభరణాల గొడవతో వాటికి సంబంధమే లేదు.

ప్రశ్న: 283 మంది ఓటర్ల సంగతి అలా ఉంచండి, మా గుణుపురం ప్రాంతపు గిరిధర్ గమాంగ్ గారి ఒక్క ఓటు 1999లో వాజ్‌పేయి ప్రభుత్వాన్ని కూల్చింది. ఆయన ఆ రోజు ఢిల్లీ వెళ్లకపోయి ఉంటే?
(మరొక పాఠకుడు, గుణుపురం)

జవాబు: ఆ ఊహ మనం అనుకునేంత సులువుగా తేలదు. 1999 ఏప్రిల్ 17న విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270 ఓట్లు వచ్చాయి. ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గమాంగ్ గారు కొరాపుట్ లోక్‌సభ స్థానాన్ని ఇంకా వదులుకోలేదు. ఓటు వేయడమా మానడమా అన్నది స్పీకరు ఆయన అంతరాత్మకే వదిలేశారు. ఆయన రాకపోతే 269, 269 సమానమయ్యేవి, రాజ్యాంగం ప్రకారం నిర్ణాయక ఓటు స్పీకరుది. ఆ స్పీకరు జి.ఎం.సి.బాలయోగి, అమలాపురం వారు, వాజ్‌పేయికి మద్దతిస్తున్న తెలుగుదేశం నుంచి వచ్చినవారు. ప్రభుత్వం నిలిచేదనే నా అంచనా.

కాని ఆ రోజు పార్టీ మాట కాదని వ్యతిరేకంగా ఓటు వేసిన నేషనల్ కాన్ఫరెన్స్ సభ్యుడు సైఫుద్దీన్ సోజ్ కూడా ఉన్నారు, చివరి ఘడియలో వ్యతిరేకంగా నిలిచిన బీఎస్పీ కూడా ఉంది. వారిలో ఏ ఒక్కరు అటు తిరిగినా ఇదే జరిగేది. ముఖ్యమంత్రి హోదాలో వచ్చి ఓటు వేశారు కాబట్టి గమాంగ్ గారి మీదే అందరి వేలూ నిలిచింది. పార్వతీపురంలో ఆ 283 మంది ఎవరో ఎవరికీ తెలియదు, వారిని నిందించినవారూ లేరు.

ప్రశ్న: పి.వి.నరసింహారావు గారు 1996లో మా బరంపురం నుంచి నిలబడకపోయి ఉంటే చరిత్ర మారేదా?
(ఒక వ్యాపారి, బరంపురం)

జవాబు: మారేది కాదు. ఆ ఎన్నికల్లో ఆయన నంద్యాలలోనూ గెలిచారు, నంద్యాలను వదులుకుని బరంపురాన్ని ఉంచుకున్నారు. బరంపురం లేకపోతే నంద్యాల సభ్యుడిగా అదే లోక్‌సభలో కూర్చునేవారు. కాంగ్రెసు ఓడిపోయింది కాబట్టి ప్రధాని పదవి ఎలాగూ నిలిచేది కాదు. నంద్యాలవారికి ఒక ఉప ఎన్నిక తప్పేది, అంతే.